కార్లో కూర్చుంటానన్న నాన్నగారు

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. సంగతి క్లుప్తంగా ఇది.

ఆయనకు 38 ఏళ్ళు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, భార్య, తొమ్మిదేళ్ళ పాప. తండ్రికి 71. తెనాలి దగ్గర ఒక కాలేజీలో ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పి రిటైరయ్యారు. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. ఎడమ కాలూ చెయ్యీ ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. ఇంట్లో చేతికర్ర పట్టుకుని తిరుగుతారు. బయట యాభై అడుగులు వేస్తే అలసిపోతారు. వీల్ చైర్ మాట ఎత్తితే మాత్రం మండిపడతారు.

మే నెలలో తల్లిదండ్రులిద్దరూ అమెరికా వచ్చారు. అక్టోబరులో తిరుగు ప్రయాణం. వచ్చిన వారానికే నాన్నగారు ఒక్కటే అడిగారట: గెటిస్‌బర్గ్ చూడాలి. పెన్సిల్వేనియాలో ఉన్న ఆ ఊళ్ళో, ఉత్తరాది దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధంలో ఒక పెద్ద పోరు జరిగింది. ఆ పాఠం చెప్పి చెప్పి, తర్వాత అక్కడ లింకన్ చేసిన ప్రసంగం మొత్తం ఆయనకు కంఠస్థం. జులై 4 సెలవులకు మూడు కుటుంబాలు కలిసి అక్కడికే వెళ్దామని స్నేహితులు ప్లాన్ వేశారు. ఆ మాట ఇంట్లో చెప్పగానే ఆయన, "మీరంతా తిరిగి రండి, నేను కార్లో కూర్చుంటాలే" అన్నారు.

ఆ మాట కొడుక్కి గుచ్చుకుంది. కారణం ఉంది. రెండేళ్ళ కిందట మన దగ్గర ఒక కోట చూడబోతే ఆయన నిజంగానే కార్లో కూర్చున్నారు. మూడు గంటలు. అందరూ పైకెక్కి ఫోటోలు దిగి వచ్చేసరికి ఆయన నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుని ఉన్నారు. "నిద్రపోలేదని నాకు తెలుసు" అని రాశారు ఈయన.

ఇప్పుడు ఇంట్లో తలో మాట. భార్య తీసుకెళ్దామంటుంది. హైదరాబాదులో ఉన్న అక్క ఫోన్లో, "ఆయన్ని ఎందుకురా తిప్పుతావు, అక్కడేమన్నా అయితే ఎవరు చూస్తారు?" అంటుంది. అమ్మగారు ఏమీ అనరు. జాతీయ పార్కుల డిసేబిలిటీ పాస్ తీసుకుంటే అన్నీ ఉచితమని ఒక స్నేహితుడు చెప్పాడు. ఉత్తరం చివర, కొట్టేసి మళ్ళీ రాసినట్టున్న ఒక వాక్యం: "నిజం చెప్పాలంటే, స్నేహితుల ముందు ఆయన్ని వీల్ చైర్‌లో తోసుకుంటూ తిరగడం నాకే ఏదోలా ఉంది. ఇలా అనిపిస్తున్నందుకు సిగ్గుగానూ ఉంది. తీసుకెళ్ళమంటారా, మానమంటారా?"

*

ముందు ఆ చివరి వాక్యం సంగతి చూద్దాం. మీకు అలా అనిపించడం పెద్ద నేరమేమీ కాదు. క్లాసులో నిలబడి గంటసేపు గుక్క తిప్పుకోకుండా మాట్లాడిన మనిషిని చూస్తూ పెరిగారు. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి వెనకనుంచి తోయడం మీకూ కొత్తే, ఆయనకూ కొత్తే. అయితే ఒకటి గమనించండి. ఆ మాట నాకు రాయగలిగారు, ఆయనకు చెప్పలేరు. ఆయనా అంతే. "నన్ను చూసి మీవాళ్ళ దగ్గర నీకు నామోషీ అవుతుందేమోరా" అని అడగలేక "కార్లో కూర్చుంటాలే" అన్నారేమో. అదే కారణమని నేను ప్రమాణం చెయ్యలేను గానీ, ఇద్దరి మొహమాటమూ ఒకే రకంగా కనిపిస్తోంది.

ఇక గెటిస్‌బర్గ్ సంగతి. మీ ఇంట్లో అందరూ దాన్ని ఆ కోటతో పోల్చుకుని మాట్లాడుతున్నారని నా అనుమానం. కోట అంటే మెట్లు. పైకెక్కినవాడు చూసినట్టు, కింద ఉండిపోయినవాడు చూడనట్టు. (మన దగ్గరా 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. ఆ కోట మెట్లకు మాత్రం ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.) గెటిస్‌బర్గ్ అలాంటిది కాదు. అది వేల ఎకరాల పొలాలు, చిన్న గుట్టలు, రాతి గోడలు, వాటి మధ్య తారు రోడ్లు. 1863 జులై 1 నుంచి 3 దాకా మూడు రోజులు యుద్ధం ఆ పొలాల్లోనే జరిగింది. చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, పట్టుబడ్డవాళ్ళు, జాడ తెలియనివాళ్ళు అంతా కలిపి రెండు వైపులా దాదాపు 51,000 మంది. ఇప్పుడు 24 మైళ్ళ కారు దారి, దానిమీద 16 మజిలీలు ఉన్నాయి. కాళ్ళు బాగున్నవాళ్ళు కూడా ఆ యుద్ధభూమిని ఎక్కువగా చూసేది కారు కిటికీలోంచే.

ఇదేదో ఈమధ్య చేసిన సర్దుబాటు కూడా కాదు. 1895లో ఆ నేల జాతీయ సైనిక పార్కు అయింది. తర్వాత యుద్ధ శాఖ వేసిన రోడ్లు సైన్యాలు బారులు తీరిన వరుసల వెంటే సాగుతాయి. ఒక రోడ్డు మీద వెళ్తే ఉత్తరాది సైనికుల వైపు, ఇంకో రోడ్డు మీద వెళ్తే దక్షిణాది సైనికుల వైపు ఉంటాం. అక్కడున్న 1,300 పైచిలుకు స్మారకాల్లో చాలావరకు రోడ్డు పక్కనే ఉంటాయి.

ఆ పార్కు బిల్లును అమెరికా కాంగ్రెస్‌లో పెట్టిన మనిషి గురించి మీ నాన్నగారికి తెలిసే ఉంటుంది, మీకు తెలియకపోవచ్చు. డేనియల్ సికిల్స్. ఆ యుద్ధంలోనే, రెండో రోజు, ఫిరంగి గుండు తగిలి కుడి కాలు పోగొట్టుకున్న ఉత్తరాది జనరల్. పెద్ద మంచివాడేమీ కాదు. అంతకు నాలుగేళ్ళ ముందు భార్య ప్రియుడిని నడివీధిలో కాల్చి చంపి కోర్టులో బయటపడ్డాడు. యుద్ధంలో పైఅధికారి నిలబడమన్న చోట నిలబడకుండా తన దళాన్ని ముందుకు తోలాడు. తెగిన కాలి ఎముకను సైన్యం వారి వైద్య మ్యూజియానికి పంపించి, ఆ తర్వాత ఏటేటా వెళ్ళి చూసుకునేవాడట. అవతలి పక్షంలో జనరల్ యూవెల్ అయితే అప్పటికే ఒక కాలు పోగొట్టుకుని కొయ్య కాలితోనే గెటిస్‌బర్గ్ వచ్చాడు. ఈసారి తూటా ఆ కొయ్య కాలికి తగిలింది, నొప్పే లేదని జోకు వేశాడు. 1913లో యాభయ్యేళ్ళ పండుగకు 50,000 మందికి పైగా మాజీ సైనికులు ఆ పొలాలకు తిరిగొచ్చారు. చేతులు లేనివాళ్ళూ, కాళ్ళు లేనివాళ్ళూ, కర్ర ఊతంతో నడిచేవాళ్ళూ. 1938లో డెబ్భై అయిదో ఏడు వచ్చేసరికి మిగిలినవాళ్ళలో దాదాపు 1,800 మంది వచ్చారు. అందరూ తొంభై దాటినవాళ్ళో, దగ్గరపడ్డవాళ్ళో. వీల్ చైర్లు లేకుండా ఆ సభ జరిగేదే కాదు.

ఆ రోజు అక్కడ శాంతి జ్యోతి స్మారకాన్ని ఆవిష్కరించింది ఎవరనుకున్నారు? అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. 1921లో పోలియో వచ్చి ఆయన కాళ్ళు రెండూ చచ్చుబడ్డాయి. సభల్లో కాళ్ళకు ఇనుప పట్టీలు కట్టుకుని, ఎవరి చెయ్యో పట్టుకుని నిలబడేవాడు. వీల్ చైర్‌లో ఉన్న ఫోటోలు బయటికి రాకుండా జాగ్రత్తపడేవాడు. దేశాధ్యక్షుడికే నలుగురి కళ్ళంటే అంత బెరుకు ఉంటే, మీ నాన్నగారు మండిపడటంలో వింతేముంది? కాబట్టి "అందులో సిగ్గెందుకు నాన్నా" అని మాత్రం అనకండి. ఆ మాటతో ఎవరి సిగ్గూ పోదు. పైగా అది పైకి చెప్పుకునే హక్కు కూడా పోతుంది.

సరే, అక్కడ వీల్ చైర్‌తో ఏం చూడొచ్చు, ఏం చూడలేరు? విజిటర్ సెంటర్ 2008లో తెరిచిన కొత్త భవనం. ర్యాంపులు, లిఫ్ట్, విశాలమైన బాత్‌రూములు అన్నీ ఉన్నాయి. కావాలంటే వీల్ చైర్ అక్కడే ఇస్తారు. మ్యూజియం, సినిమా అయ్యాక సైక్లోరమా అని ఒక గుండ్రటి పెయింటింగ్ చూపిస్తారు. మూడో రోజు దాడిని చిత్రించిన బొమ్మ. చుట్టుకొలత 377 అడుగులు, ఎత్తు 42 అడుగులు. అందరూ మధ్యలో నిలబడి చూడాలి. అలా చూస్తే అక్కడ కుర్చీలో ఉన్నవాడిదే సుఖం.

లిటిల్ రౌండ్ టాప్ గుట్ట సంగతి వేరుగా చెప్పాలి, మీ నాన్నగారు తప్పకుండా అడుగుతారు కాబట్టి. ఆ గుట్టను 2022లో మూసి, బాటలు బాగుచేసి 2024 జూన్‌లో తెరిచారు. వీల్ చైర్ వెళ్ళే బాట కూడా అప్పుడే వేశారు. పాత బ్లాగుల్లో, పాత వీడియోల్లో "అక్కడికి కుదరదు" అని కనిపిస్తే నమ్మకండి. అక్కడ నిలబడితే, కూర్చున్నా అంతే, రెండో రోజు యుద్ధం చాలావరకు కళ్ళ ముందు పరుచుకుంటుంది. దాని కింద కనిపించే డెవిల్స్ డెన్ మాత్రం ఏనుగులంత బండరాళ్ళ గుట్ట. అది రోడ్డు మీదనుంచే. ఎత్తు మీదనుంచి చూసే ఇనుప టవర్లు, పెన్సిల్వేనియా స్మారకం పైకప్పు, ఇవన్నీ మెట్లే. పాపను మీరు ఎక్కించుకొస్తారా, నాన్నగారు కింద ఉంటారు. ఈ సంగతి ముందే చెప్పండి. అక్కడికి వెళ్ళాక తెలిస్తే అది మళ్ళీ కోటే అవుతుంది.

మూడో రోజు పన్నెండు వేల మంది దాకా దక్షిణాది సైనికులు దాటబోయిన పొలం ఉంది కదా, పికెట్స్ చార్జ్ అంటారే, అది దాదాపు ఒక మైలు గడ్డి నేల. చక్రాలకు కష్టం. కానీ రెండు చివర్లా రోడ్లున్నాయి. వర్జీనియా స్మారకం దగ్గర కారాపి ఇక్కడినుంచి బయల్దేరారు అనీ, చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళి ఇక్కడ ఆగిపోయారు అనీ చూడొచ్చు. మధ్యలో నడవాలని మీకుంటే మీరు నడవండి. ఆయన అవతలి ఒడ్డున కారులో మీకోసం చూస్తూ ఉంటారు. అది కార్లో వదిలేసి వెళ్ళడం కాదు. తేడా మీకు తెలుసు. లింకన్ మాట్లాడిన సైనిక శ్మశానంలోకి కార్లు వెళ్ళవు. లోపల బాటలున్నాయి, కాస్త ఎగువ దిగువ ఉంటుంది. ఆ ఒక్క చోట ఆయనకు కుర్చీ తప్పదు. యుద్ధం జరిగిన ఏడాదే నవంబరు 19న లింకన్ రెండు మూడు నిమిషాల్లో ముగించిన ప్రసంగం అది. మీ నాన్నగారికి ఎలాగూ కంఠతా వచ్చు కదా. చెప్పమని పాపతో అడిగించండి, మీరు అడగొద్దు.

పాస్ గురించి మీ స్నేహితుడు చెప్పింది సగమే నిజం. శాశ్వత వైకల్యం ఉన్నవాళ్ళకు ఉచితంగా ఇచ్చే పాస్ అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకే. విజిటర్ వీసా మీద వచ్చిన మీ నాన్నగారికి రాదు. రాకపోయినా నష్టం లేదు, గెటిస్‌బర్గ్ యుద్ధభూమికి ప్రవేశ రుసుమే లేదు. మ్యూజియం, సినిమా, పెయింటింగ్‌లకే టికెట్. మీకు అంతకన్నా పనికొచ్చేది, వికలాంగులకు కేటాయించిన చోట కారు ఆపడానికి ఇచ్చే పార్కింగ్ ప్లకార్డు. డాక్టర్ సంతకంతో తాత్కాలికంగా చాలా రాష్ట్రాల్లో ఇస్తారు. ఫిజియోథెరపీ కోసం ఇక్కడ ఎవరికన్నా చూపిస్తున్నట్టయితే వాళ్ళనే అడగండి. ఇంకొకటి, సర్కారు సొమ్ముతో కట్టిన భవనాలు అందరూ వెళ్ళగలిగేలా ఉండాలని ఇక్కడ 1968లోనే చట్టం చేశారు. ర్యాంపు ఎక్కడని అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ఇప్పుడు మీ ముందున్న దార్లు.

జులై 4కి స్నేహితులతోనే వెళ్ళొచ్చు. సందడిగా ఉంటుంది, పాపకు తోడుంటుంది, వీల్ చైర్ ఎత్తడానికి ఇద్దరు మగవాళ్ళుంటారు. కానీ అది యుద్ధం జరిగిన తేదీలను ఆనుకుని వచ్చే సెలవు. జనం, ఎండ, పార్కింగ్ కోసం వెతుకులాట. మూడు కుటుంబాలు ఒక మనిషి వేగానికి ఆగవు. ఆగితే ఆయనకు నచ్చదు, ఆగకపోతే మీకు నచ్చదు. ఎవరో ఒకరు పలావు డబ్బాలు విప్పే టైమ్‌కి మీరు బాత్‌రూమ్ ఎక్కడుందా అని చూస్తుంటారు. ఆయన నోట మళ్ళీ అదే మాట వస్తుంది. అయినా ఈ దారే కావాలనుకుంటే, స్నేహితులకు ముందే ఫోన్ చేసి, "మా నాన్నకు ఇలా, మేం మా లెక్కన తిరుగుతాం, భోజనానికి కలుద్దాం" అని చెప్పేయండి. ఆ ఒక్క ఫోన్‌తో మీ టెన్షన్ సగం తగ్గుతుంది. వాళ్ళెవరూ మీరనుకున్నంతగా వీల్ చైర్ వైపు చూడరు. వాళ్ళ తల్లిదండ్రులకూ డెబ్భై వస్తున్నాయి.

లేదంటే సెప్టెంబరులో, బడులు తెరిచాక, మామూలు రోజు సెలవు పెట్టి మీ కుటుంబం మాత్రమే వెళ్ళొచ్చు. పాపకు ఒకరోజు బడి పోతుంది, పోనివ్వండి. ఎడిసన్ నుంచి మూడు గంటల పైనే ప్రయాణం కాబట్టి ఒక రాత్రి అక్కడ ఉండటం మేలు. గది తీసుకునేటప్పుడు బాత్‌రూమ్‌లో పట్టుకునే కడ్డీలు, గట్టు లేని షవర్ ఉన్న గదే కావాలని అడగండి. ఇందులో ఖర్చు ఎక్కువ, మీ సెలవూ పోతుంది. స్నేహితులకు ఏదో ఒకటి చెప్పాలి. ఇంకో ఇబ్బంది, ఇలా ప్రత్యేకంగా ఏర్పాటు చేస్తే "నా కోసం ఇంత అవసరమా" అని ఆయన అడ్డం తిరగొచ్చు. మీకూ చూడాలని ఉందని చెప్పండి. లేకపోతే ముందు ఉందో లేదో తేల్చుకోండి, ఆయన పసిగడతారు.

వెళ్ళకపోవడం కూడా ఒక దారే, దాన్ని తీసిపారెయ్యను. మీ అక్కగారి భయం ఉత్త భయం కాదు. విజిటర్ ఇన్సూరెన్స్‌లు చాలావరకు పాత జబ్బులకు అంతంతమాత్రంగానే డబ్బిస్తాయి. మీ పాలసీలో ఆ పేజీ ఒకసారి చదవండి. ఇండియాలో ఆయన్ని చూసే డాక్టరుతో వీడియోలో మాట్లాడండి. అంతసేపు కారులో కూర్చోవచ్చా, గంటకోసారి దిగాలా, బీపీ మాత్ర ఏ వేళకు వెయ్యాలి, ఎండ సంగతేమిటి. ఆ కాల్‌లో అక్కగారిని కూడా కలపండి. డాక్టరు వద్దంటే అది డాక్టరు మాట, మీరు వద్దన్నట్టు కాదు. సరేనంటే ఆవిడా కాస్త ఊపిరి పీల్చుకుంటారు. ఆవిడ కోపంలో సగం, దూరాన ఉండి ఏమీ చెయ్యలేకపోవడం. కానీ డాక్టరు సరేనన్నాక కూడా మీరు మానేస్తే, అక్టోబరులో ఎయిర్‌పోర్టుకు వెళ్ళే దారిలో ఆయన ఏమీ అనరు. ఏమీ అనని ఆ ప్రయాణం ఎలా ఉంటుందో ఆ కోటనుంచి తిరిగొచ్చిన రోజు మీరు చూశారు.

నన్ను అడిగితే రెండోదానివైపే నా మొగ్గు. అయితే నా మొగ్గుకన్నా ఆయన మాట ముఖ్యం. ఉత్తరం రెండుసార్లు చదివాను. భార్య ఏమన్నదీ, అక్క ఏమన్నదీ, స్నేహితుడు ఏమన్నదీ ఉంది. నాన్నగారిని "ఎలా చూడాలనుకుంటున్నారు?" అని అడిగినట్టు ఎక్కడా లేదు. పార్కు వారి మ్యాప్ ప్రింటు తీసి, ఒక పెన్సిలుతో పాటు ఆయన ముందు పెట్టండి. ఎక్కడెక్కడ దిగాలో, ఎక్కడ కారులోంచి చాలో ఆయన్నే గీయమనండి. కుర్చీ ఎక్కడ వాడాలో కూడా. ఒక్క శ్మశానంలోనే అంటే అక్కడే. మ్యూజియంలో కర్రతోనే నడుస్తానంటే నడవనివ్వండి, నాలుగు బెంచీలు ముందే చూసి పెట్టుకోండి. తేలికపాటి మడత కుర్చీ ఒకటి డిక్కీలో వేసుకుని, దాని ఊసెత్తకండి. అమ్మగారిని కూడా విడిగా అడగండి. ఏమీ అనకపోవడమంటే ఏ ఇబ్బందీ లేకపోవడం కాదు. ఆ వయసులో మోకాళ్ళు ఎవరివీ బాగుండవు. ఆవిడకూ ఆ బెంచీలు అవసరం కావచ్చు.

చివరగా గైడు సంగతి, డబ్బు పెట్టదగ్గ ఖర్చు ఇదొక్కటే. గెటిస్‌బర్గ్‌లో 1915 నుంచీ పరీక్ష పెట్టి లైసెన్సు ఇచ్చిన గైడులున్నారు. ముందుగా బుక్ చేసుకుంటే వాళ్ళు వచ్చి మీ కారు స్టీరింగు తీసుకుని రెండు గంటలు తామే నడుపుతూ యుద్ధమంతా చెబుతారు. ఎక్కడ ఆపితే దిగకుండానే కనిపిస్తుందో వాళ్ళకు తెలుసు. బుక్ చేసేటప్పుడు రెండు ముక్కలు రాయండి: ముందు సీట్లో కూర్చునే ఆయన ఎక్కువగా నడవలేరు, ముప్పై ఏళ్ళు ఈ పాఠమే చెప్పారు, కాబట్టి కాస్త నిదానంగా మాట్లాడండి, ఆయన అడిగే ప్రశ్నలకు సిద్ధపడి రండి అని. గైడు, నాన్నగారు ముందు కూర్చుంటారు. మీరూ, మీ ఆవిడా, అమ్మగారూ, పాపా వెనక సీట్లలో సర్దుకోవాలి. మీది అయిదు సీట్ల కారైతే పెద్దది అద్దెకు తీసుకోండి.